సైనికునికి నిలువనీడ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారందురు. సామాన్య గృహస్థునకే ఇంత కష్టమైన ఈ కార్యము, యౌవనమును యుద్ధభూమిలో వెచ్చించి, చేత చిల్లిగవ్వ లేక మరలివచ్చిన సైనికునకు ఎంత భారమగునో ఊహింపవచ్చును. ఆ భారములో ప్రభుత్వము వహింపవలసిన పాలెంత? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు నూటయేబది యేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నవి. ఆ చరిత్రను మనమొకసారి పరిశీలింతము.

మొదటి సమాధానము శరణాలయము. అంతర్యుద్ధము ముగియవచ్చిన తరుణమున, 1865 మార్చి 3వ తేదీన, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వికలాంగులైన స్వచ్ఛంద సైనికులకు జాతీయ శరణాలయమును నెలకొల్పు శాసనముపై సంతకము చేసెను. దాని తొలి శాఖ 1866లో మెయిన్ రాష్ట్రమునందలి టోగస్‌లో వెలసినది. కాలో చేయో పోగొట్టుకొని, నా అన్నవారు లేనివారికి అచ్చట కూడు, గుడ్డ, వైద్యము లభించెను. అయితే ఆలుబిడ్డలతో కాపురము చేయదలచిన వానికి శరణాలయము ఇల్లు కాజాలదు గదా!

మొదటి ప్రపంచ సంగ్రామమున పోరాడినవారికి 1924 శాసనము ప్రకారము పరిహార పత్రములు లభించినవి. కాని వాని సొమ్ము చేతికందుటకు 1945 వరకు ఆగవలెను. ఇంతలో ఆర్థికమాంద్యము వచ్చిపడెను. పనులు పోయి, కొంపలు పోయి, వేలకొలది మాజీ సైనికులు 1932 వేసవిలో రాజధానియైన వాషింగ్టన్ చేరి, తమ సొమ్ము వెంటనే ఇమ్మని వేడుకొనిరి. అనకోస్టియా నది యొడ్డున పాత రేకులతో, చెక్కముక్కలతో గుడిసెలు వేసికొని కుటుంబములతో తలదాచుకొనిరి. జూన్ 17న సెనేటు వారి కోరికను త్రోసిపుచ్చెను. జూలై 28న జనరల్ మెకార్థర్ నడపిన సేన వారిని వెడలగొట్టెను. గుడిసెలు మంటలలో కాలిపోయెను. ఏరు దాటి తెప్ప తగలవేయుట అను మన సామెతకు ఇంతకంటె దృష్టాంతమేమి కావలెను?

ఆ అపకీర్తి జ్ఞాపకము చెరగకముందే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. ఈసారి సుమారు ఒక కోటి అరువది లక్షలమంది సేవచేసిరి. వీరు తిరిగివచ్చుటకు ముందే, 1944 జూన్ 22న, అధ్యక్షుడు రూజ్వెల్టు సైనికుల పునరావాస శాసనముపై సంతకము చేసెను. చదువుతో పాటు గృహమునకును అందులో చోటు కలదు. ప్రభుత్వము ఇల్లు కట్టి ఇయ్యలేదు; డబ్బు చేతిలో పెట్టలేదు. సైనికుడు బ్యాంకులో చేయు అప్పులో సగమునకు, రెండువేల డాలర్లకు మించకుండ, తాను పూచీపడెను. వడ్డీ నూటికి నాలుగుకు మించరాదని విధించెను. 1945 డిసెంబరులో ఆ పూచీ నాలుగువేల డాలర్లకు పెరిగెను. 1952 నాటికి ఇట్టి గృహఋణములు దాదాపు 24 లక్షలైనవి. నగరముల శివార్లలో క్రొత్త పేటలు వెలసినవి.

ఈ వెలుగు క్రింద చీకటి లేకపోలేదు. పూచీ ప్రభుత్వముదైనను, అప్పిచ్చువాడు బ్యాంకరు, ఇల్లమ్మువాడు వ్యాపారి. వారి వివక్షకు ఆ శాసనములో అడ్డు లేదు. మిసిసిపీ రాష్ట్రమునందలి 13 పట్టణములలో 1947 నాటికి మంజూరైన 3,200 పైచిలుకు ఋణములలో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండే. న్యూయార్కు చెంత 1947లో ఆరంభమైన లెవిట్‌టౌన్ ఒప్పందములలో శ్వేతజాతీయులు కానివారు అందు నివసింపరాదను షరతు ఉండెను. ఇట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, గృహవిషయమున వివక్షను నిషేధించు శాసనము 1968లో గాని రాలేదు. ఒకే యుద్ధమున పోరాడిన ఇరువురిలో ఒకని బిడ్డలకు ఇల్లు వారసత్వమైనది. రెండవవాని బిడ్డలకు అద్దె రసీదులే మిగిలినవి.

అప్పు తీర్చగలవానికే అప్పు పుట్టును. వియత్నాం యుద్ధము ముగిసిన పిమ్మట, పనిలేక, మనోవ్యాధులతో వీధులపాలైన మాజీ సైనికులకు ఋణపు పూచీ వలన ఒరిగినదేమి? వారికొరకు 1992లో గృహ, మాజీ సైనికశాఖలు కలిసి క్రొత్త పద్ధతి నారంభించినవి. 2008 నుండి అది విస్తరించెను. దీని ప్రకారము సైనికుడు సామాన్యముగా తన ఆదాయములో సుమారు మూడవ వంతు అద్దెగా చెల్లించును. ఒక పరిమితికి లోబడి మిగిలినది వోచరు ద్వారా ప్రభుత్వము చెల్లించును. అద్దెతో పాటు వైద్యమును, యోగక్షేమములు విచారించు ఉద్యోగియు ఉందురు. త్రాగుడు మానిన పిదపనే ఇల్లు అను పాత నియమమును విడిచి, ముందు ఇల్లు, తరువాత చికిత్స అను సూత్రమును 2012లో అవలంబించిరి. వీధిలో పండుకొనువానికి మందు వేళకు మ్రింగుటయే దుర్లభమని వారు గ్రహించిరి.

ఫలితము కన్పించినది. 2010లో ఒక్క రాత్రి లెక్కలో ఇల్లు లేని మాజీ సైనికులు సుమారు 74,000, 2024లో 32,882. అయినను చిక్కులు తీరలేదు. వోచరు చేత నుండియు ఇల్లు అద్దెకు దొరకనివారు కలరు. అంతకంటె విచిత్రము, యుద్ధగాయములకు లభించు పరిహారమును ఆదాయముగా లెక్కించుటచే, మిక్కిలి గాయపడినవాడే ధనికుడుగా తేలి సహాయమునకు అనర్హుడగుచుండెను. ఈ లోపమును 2024లో సవరించిరి.

శరణాలయము, పూచీ, అద్దె సహాయము అను ఈ మూడు మెట్లలో మనము గ్రహింపదగిన సత్యమొకటి కలదు. కృతజ్ఞతను శాసనముగా వ్రాయుట సులభమే. ఆ శాసనము మిక్కిలి పేదవాని గుమ్మము వరకు నడచినదా, దారిలో ఎవరి గుమ్మమును దాటిపోయినది అని విచారించుటయే కష్టము. ఏ దేశమైనను తన సైనికుల ఋణము తీర్చుకొన్నదో లేదో ఆ విచారణమే తేల్చును.