ధనిష్ఠ చెప్పే సాక్ష్యం

శరదృతువు తొలి రాత్రులలో నడినెత్తిన వెలిగే శ్రవణ తారకు ఈశాన్యంగా, కొద్ది దూరంలోనే, చిన్న చుక్కల గుంపు ఒకటి కనిపిస్తుంది. మన ప్రాచీనులు దానిని మద్దెలతో పోల్చారు. అష్టవసువులను అధిదేవతలుగా చెప్పారు. వైదిక వాఙ్మయంలో దాని పేరు శ్రవిష్ఠ, తరువాతి కాలంలో ధనిష్ఠ. అదే ఆకృతిలో గ్రీకులు సముద్రజీవియైన డాల్ఫిన్‌ను చూశారు. అందులో మొదటి తరగతి కాంతి గల తార ఒక్కటీ లేదు. అయినా భారతీయ కాలగణన చరిత్రలో ఈ చిన్న తారాగణానికి దక్కిన స్థానం అసామాన్యమైనది.

లగధుని పేర ప్రసిద్ధమైన వేదాంగ జ్యోతిషం పంచవర్షాత్మకమైన యుగాన్ని ధనిష్ఠతోనే ఆరంభించింది. మాఘ శుక్ల ప్రతిపత్తునాడు సూర్యచంద్రులు ఆ నక్షత్రంలో కలిసినప్పుడు యుగమూ, ఉత్తరాయణమూ మొదలవుతాయని అది నిర్ణయించింది. యజ్ఞకాల నిర్ణయానికి ఆ గణనమే ఆధారం.

కాని భూమి అక్షం బొంగరం వలె మెల్లగా దిశ మార్చుకొంటున్నందువల్ల అయన బిందువులు సుమారు 72 ఏళ్లకు ఒక అంశ చొప్పున పడమరకు జరుగుతాయి. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ వ్యత్యాసాన్ని దాచలేదు. పూర్వం ఉత్తరాయణం ధనిష్ఠాదిలో జరిగినట్లు శాస్త్రాలు చెబుతున్నాయనీ, తన కాలంలో మాత్రం మకరాదిలో జరుగుతున్నదనీ స్పష్టంగా వ్రాశాడు. సందేహించేవారు ఉదయాస్తమయ వేళల సూర్యుని స్థానాన్ని దూరపు గుర్తులతోనో, పెద్ద వృత్తంలో పడే నీడతోనో స్వయంగా పరీక్షించుకోవాలన్నాడు. పూర్వులు అబద్ధమాడారనలేదు, ఆకాశాన్ని శాస్త్రానికి లోబరచనూ లేదు.

ధనిష్ఠాదికీ మకరాదికీ మధ్య దూరం 23 అంశల 20 కళలు. అంటే సుమారు 1,680 ఏళ్ల చలనం. అందువల్లనే వేదాంగ జ్యోతిష సంప్రదాయంలోని ఈ పరిశీలనను పలువురు పండితులు క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది ఉత్తరార్ధానికి చెందినదిగా భావించారు. ఉన్న శ్లోకాల భాష అంతకంటె అర్వాచీనమన్న అభిప్రాయమూ ఉంది. పరిశీలన కాలమూ, గ్రంథరచనా కాలమూ ఒకటే కానక్కరలేదు.

స్వతంత్ర భారతదేశానికీ ఇదే ప్రశ్న ఎదురయింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక సమర్పించగా, 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అందులో ఉత్తరాయణారంభం పుష్యమాసపు మొదటి రోజుకు, అంటే డిసెంబరు 22కు, సరిపోతుంది. మనం మకర సంక్రాంతిని జనవరి 14నో, 15నో జరుపుకొంటున్నాం. పండుగను మార్చుకోవాలా అన్నది సమాజం తేల్చుకోవలసిన విషయం. అయనం ఎప్పుడన్నది మాత్రం వరాహమిహిరుడు చెప్పినట్లు నీడనే అడగాలి.