పి.వి. నరసింహారావు: 1991 ఆర్థిక సంక్షోభమందలి రాజనీతి

1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతమందలి లక్నేపల్లిలో జన్మించి, 1991 జూన్ 21న భారత ప్రధానమంత్రి పదవిని స్వీకరించిన పాములపర్తి వేంకట నరసింహారావు, లోక్‌సభలో స్వపక్షమునకు ఆధిక్యము లేకున్నను, దేశమును చుట్టుముట్టిన విదేశ మారకద్రవ్య సంక్షోభమును పార్లమెంటు ముఖముననే పరిష్కరించిన రాజనీతిజ్ఞుడు. గల్ఫ్ యుద్ధమువలన చమురు ధర హెచ్చుటయు, అచ్చటి ప్రవాస కార్మికులు ఇండ్లకు పంపు సొమ్ము సన్నగిల్లుటయు, ఏండ్ల తరబడి పేరుకొనిన అప్పులును ఏకమై, మారకద్రవ్య నిల్వలు రమారమి రెండు వారముల దిగుమతులకు మాత్రమే చాలునంతగా క్షీణించెను.

జూలై 1, 3 తేదీలలో రూపాయి మూల్యము తగ్గింపబడెను. రిజర్వు బ్యాంకు బంగారము సుమారు 47 టన్నులు విదేశములలో కుదువ పెట్టబడగా, ఇల్లాలి మెడలోని పుస్తెలు తాకట్టునకు పోయినట్లు జనులు కుమిలిరి. రాజ్యాంగము 360వ అధికరణమున ఆర్థిక అత్యవసర పరిస్థితిని ప్రకటించుటకు అవకాశ మొసగినను ఆయన దాని జోలికి పోలేదు. ధరల పెరుగుదలయు, సమ్మెలును, రాజకీయ కల్లోలమును ముసురుకొన్న పిదప 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితిని విధించి, పత్రికలకు సెన్సారును, ప్రతిపక్ష నాయకులకు చెరసాలను ప్రాప్తింపజేసిన పాలనను స్మరించినచో, ఈ నిగ్రహము సామాన్యమైనది కాదని తెలియగలదు. జూలై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెటు ఎరువుల ధరను నూటికి 40 వంతులు పెంచగా, స్వపక్షీయులు సైతము నిరసించిరి. అంతట పెంపు 30 వంతులకు తగ్గింపబడి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు లభించెను. వాదమునకు తలయొగ్గుట బలహీనత యని నాడు కొందరు తలచిరి గాని, సభకు జవాబుదారియైన ప్రభుత్వమునకు అది సహజధర్మము. అయినను స్వేచ్ఛాపరిరక్షణము సంపూర్ణమని చెప్పరాదు: విచారణ లేని దీర్ఘనిర్బంధమునకు తావిచ్చిన టాడా చట్టము 1995 మే వరకు అమలునందుండెను.

గాజువాక చెంత వెలసిన విశాఖ ఉక్కు కర్మాగారమును 1992 ఆగస్టు 1న జాతికి అంకితము చేసినవాడును నరసింహారావే. 1966లో విశాఖ వీథులలో తుపాకి గుండ్లకు ప్రాణము లర్పించి ఆంధ్రులు సాధించుకొన్న ఆ కర్మాగారము, ఇనుము, ఉక్కులను ప్రభుత్వరంగపు ప్రత్యేక జాబితానుండి తొలగించిన ఆయన నూతన పారిశ్రామిక విధానము వెలువడిన మరుసటి ఏడే అంకితమగుట గమనింపదగిన విషయము. 2021 జనవరి 27న కేంద్రము దాని సంపూర్ణ పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయముగా నంగీకరింపగా, కార్మికులును, భూములు కోల్పోయిన నిర్వాసితులును కూర్మన్నపాలెం కూడలిలో శిబిరము వేసి రిలే నిరాహారదీక్షలకు కూర్చుండిరి. 2025 జనవరిలో కేంద్రము ఆ కర్మాగారమునకు 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సాయమును ప్రకటించెను.