పొగ శుద్ధి ఉత్ప్రేరకాలు: హైదరాబాదు ఉత్తర శివార్లు

వాహనాల ఇంజన్లు, జనరేటర్లు, బాయిలర్లు, రసాయన కర్మాగారాలు వదిలే విషవాయువులను గాలిలో కలిసేలోపే తక్కువ హాని చేసే వాయువులుగా మార్చే పదార్థాలను పొగ శుద్ధి ఉత్ప్రేరకాలు అంటారు. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సాగుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండింటినీ కలుపుతుంది. వీటి చుట్టూ మందుల పరిశ్రమలు, జీవసాంకేతిక పరిశ్రమల సముదాయమైన జీనోమ్ వ్యాలీ పెరిగాయి. అందువల్ల వాహనాల పొగ, పరిశ్రమల పొగ రెండూ ఇక్కడ ఒకేచోట ఎదురవుతాయి.

నిర్మాణం, పనితీరు

పెట్రోలు కారులో సైలెన్సర్‌కు ముందు అమర్చే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని సన్నని గదుల గోడలకు అల్యూమినా పూత పూసి, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల సూక్ష్మ కణాలను నిలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని హైడ్రోకార్బన్లు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా, నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రోజన్‌గా మారతాయి. ఈ మూడు పనులూ ఒకేసారి సాగాలంటే గాలి, పెట్రోలు బరువులో సుమారు 14.7:1 పాళ్లలో కలవాలి. ఆ పాళ్లు కాస్త అటూ ఇటూ అయినప్పుడు పూతలోని సీరియా, అంటే సీరియం ఆక్సైడ్, ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకుని, తగ్గినప్పుడు విడుదల చేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్న తొలి నిమిషాల్లో ఉత్ప్రేరకం దాదాపు పనిచేయదు.

తొలి దశ

ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హౌడ్రీ 1950లలో అమెరికాలో తొలి కన్వర్టర్లను రూపొందించాడు. అప్పటి పెట్రోలులో కలిపే సీసం ఉత్ప్రేరకాన్ని పాడుచేయడంతో అవి కార్లలో నిలదొక్కుకోలేదు. అమెరికా 1970లో వాయు కాలుష్య చట్టాన్ని కఠినం చేశాక, 1975 మోడల్ కార్ల నుంచి వీటి వాడకం విస్తరించింది. ఎంగెల్‌హార్డ్ సంస్థలో జాన్ మూనీ, కార్ల్ కీత్ బృందం మూడు కాలుష్యాలనూ ఒకేసారి తగ్గించే ఉత్ప్రేరకాన్ని తయారు చేసింది. గాలి పాళ్లను కనిపెట్టే బాష్ ఆక్సిజన్ సెన్సర్ 1976లో వోల్వో కార్లలోకి రావడంతో అది ఆచరణలో నిలిచింది.

భారతదేశం, హైదరాబాదు

1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరైంది. సీసం లేని పెట్రోలు కూడా అక్కడే ముందు వచ్చింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం కలిసిన పెట్రోలు అమ్మకం ఆగింది.

ఆ తర్వాత అడ్డంకి ఇంధనంలోని గంధకం; అదీ ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. వాహనాల పొగ ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ ఇంధనంలో దాని పరిమితీ తగ్గుతూ వచ్చింది. హైదరాబాదుకు భారత్ స్టేజ్ 2 ప్రమాణాలు 2003లో, స్టేజ్ 3 2005లో, స్టేజ్ 4 2010లో వచ్చాయి. దేశంలోని మిగతా ప్రాంతాలకు ఇవే వరుసగా 2005, 2010, 2017లలో అందాయి. 2017 వరకు నగరం ఒక మెట్టు ముందుండేది. నగరం దాటి సాగే మేడ్చల్ దారిలో మాత్రం రెండు ప్రమాణాల బండ్లూ కలిసి నడిచేవి. 2017లో స్టేజ్ 4 దేశమంతటా రావడంతో ఈ తేడా కొత్త వాహనాలకు పోయింది. 2020 ఏప్రిల్ 1న స్టేజ్ 6 వచ్చింది. డీజిల్‌లో గంధకం పరిమితి కిలోకు 50 మిల్లీగ్రాముల నుంచి 10కి దిగింది.

డీజిల్ పొగలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి పెట్రోలు కారు పద్ధతి నైట్రోజన్ ఆక్సైడ్లపై అక్కడ పనిచేయదు. అందుకే స్టేజ్ 6 లారీల్లో ఆక్సీకరణ ఉత్ప్రేరకం, మసి వడపోత, ఆ తర్వాత యూరియా పద్ధతి ఉంటాయి. డ్రైవర్లు ‘యూరియా’ అని పిలిచే ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. దాన్ని డీజిల్ ట్యాంకులో కాక విడి ట్యాంకులో పోస్తారు. పొగ వేడికి అది అమ్మోనియాగా మారి, ఉత్ప్రేరకంపై నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్, నీటి ఆవిరిగా మారుస్తుంది.

పరిశోధన

నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన ప్రయోగశాల తర్వాత కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పరిధిలోకి వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయింది. తార్నాకలోని ఈ సంస్థలో బెంజారం ఎం. రెడ్డి బృందం సీరియా, జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) మిశ్రమ ఆక్సైడ్లపై విస్తృతంగా పనిచేసింది. వేడికి సీరియా కణాలు ముద్దకట్టి ఆక్సిజన్ నిల్వ శక్తిని కోల్పోకుండా జిర్కోనియా కాపాడుతుంది. బాలాపూర్‌లోని పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ పింగాణీ తేనెపట్టు దిమ్మల తయారీపై కృషి చేసింది.

పరిశ్రమలు

మందుల తయారీలో టోలీన్, మెథనాల్, అసిటోన్ వంటి ద్రావకాల ఆవిర్లు వెలువడతాయి. వాటిని నేరుగా మంటతో కాల్చాలంటే 750 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడి కావాలి. ఉత్ప్రేరకంతో సుమారు 250 నుంచి 400 డిగ్రీలు చాలు. అయితే ఆవిరిలో క్లోరిన్, గంధకం సమ్మేళనాలు ఉంటే ఉత్ప్రేరకం త్వరగా దెబ్బతింటుంది. పరిశ్రమలు వాడే జనరేటర్ల విషయానికొస్తే, 2023 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన పొగ నిబంధనలతో పెద్ద డీజిల్ జనరేటర్లకూ యూరియా పద్ధతి చేరింది.

వాడేసిన ఉత్ప్రేరకం

శక్తి ఉడిగిన పారిశ్రామిక ఉత్ప్రేరకాలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలు. విలువైన లోహాలున్న వాటిని కరిగించి లోహాన్ని తిరిగి తీస్తారు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని దుండిగల్‌లో ప్రమాదకర పారిశ్రామిక వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం ఉంది.