రామగుండం–గోదావరిఖని బొగ్గు బెల్టు: కరవు, నీటి పొదుపు, ముందుజాగ్రత్తల చరిత్ర

గోదావరిఖనిలో ‘బాయి’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. చేదబావి బాయే, బొగ్గు గనీ బాయే. ‘బాయికి పోయిండు’ అంటే నీళ్లకు వెళ్లాడని ఈ ఊళ్లో ఎవరూ అనుకోరు, డ్యూటీకి దిగాడనే అనుకుంటారు. పెద్దపల్లి జిల్లాలోని ఈ సింగరేణి ప్రాంతంలో కరవు కథంతా ఈ రెండు బావుల మధ్యే నడిచింది. పక్కనే గోదావరి ఉంది, కాళ్ల కింద గనుల నిండా ఊట ఉంది. అయినా మండు వేసవిలో బిందెల వరుసలు తప్పలేదు. ఇక్కడి కొరత ఎక్కువగా నీళ్లు లేక వచ్చింది కాదు. ఉన్న నీళ్లు ఎక్కడ ఉన్నాయి, ఎవరి పైపులో ఉన్నాయి అన్నదాన్ని బట్టి వచ్చింది.

నేల, గని, ఊట

తెలంగాణలో చాలా భాగం కింద ఉన్నది నల్లరాయి. దాని పగుళ్లలో చిక్కిన కాసిని నీళ్లతోనే బోర్లు బతుకుతాయి. ప్రాణహిత–గోదావరి లోయ తీరు వేరు. ఇక్కడి గోండ్వానా ఇసుకరాయి నీటిని పీల్చుకుని దాచుకుంటుంది. బొగ్గు పొరలు ఉన్నది కూడా ఆ ఇసుకరాతి మధ్యనే. అందుకే ఇక్కడ గని తవ్వడమంటే నీటితో కొట్లాడడమే.

సింగరేణి చరిత్ర ఇల్లందు దగ్గర మొదలైంది. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1870ల తొలినాళ్లలో అక్కడ బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ పుట్టింది, 1920లో అది సింగరేణి కాలరీస్‌గా మారింది. గోదావరి ఒడ్డుకు గనులు చేరింది మాత్రం చాలా ఆలస్యంగా, 1960ల ఆరంభంలో. ఊరి పేరులో నదీ గనీ రెండూ ఉండడానికి కారణం నది ఒడ్డున వెలసిన ఆ గనులే.

ఇంక్లయిన్ (వాలుగా దిగే గని) లోపల ఊరిన నీరు పల్లానికి జారి సంపులో చేరుతుంది. పంపు ఖలాసీ దాన్ని అంచెలంచెలుగా పైకి తోడతాడు. బొగ్గు తీయడం సమ్మె రోజున ఆగుతుంది, పండుగ రోజున ఆగుతుంది. పంపులు మాత్రం ఆగవు. ఆగితే పని స్థలం మునుగుతుంది. అలా పైకొచ్చిన నీరు చాలాకాలం లెక్కలోకి రాలేదు. అది గని వాళ్లకు వదిలించుకోవాల్సిన బరువు. పైపు మూతి దగ్గర బట్టలుతికే ఆడవాళ్లకు, దిగువన మడి పెట్టుకున్న రైతుకు మాత్రం అదే కాలువ. కరవు ఏళ్లలో ఈ బాయి నీళ్ల విలువ మొదట పట్టుకున్నది ఇంజినీర్లు కాదు, వీళ్లే.

ఓపెన్‌కాస్టు గనులు (ఓసీపీలు) వచ్చాక లెక్క మారింది. వందల అడుగుల గుంత తవ్వి నీరు తోడేస్తుంటే చుట్టుపక్కల భూగర్భజలం గుంత వైపు వాలుతుంది. ఊరి బావులు ఎండిపోయాయన్న ఫిర్యాదు ఓసీపీల పక్క పల్లెలన్నిటిలో వినబడేదే. పర్యావరణ అనుమతుల్లో నీటిమట్టం కొలిచే గొట్టపు బావులు పెట్టాలన్న షరతు ఉండడానికి ఇదే కారణం. అయితే, కొలవడం వేరు, బావిలో నీళ్లు తిరిగి రావడం వేరు.

ఇసుక చేసిన పని

పాత భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీని, అంటే గోఫును, ఇసుకతో నింపేవారు. దాన్ని స్టోయింగ్ అంటారు. గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో లోపలికి పంపితే ఇసుక గోఫులో నిలుస్తుంది, నీరు వడిసి మళ్లీ సంపుకు చేరుతుంది. పైకప్పు కూలకుండా కాపాడే పద్ధతి ఇది, కొన్ని చోట్ల పైన ఉన్న ఇళ్లనూ కాపాడింది. కాని నది వైపు నుంచి చూస్తే ఇసుకే నీటి గాదె. వరద పోయాక నెలల తరబడి ఇసుక కడుపులో నీరు నిలుస్తుంది.

ఎండాకాలంలో నదిలో చెలిమె తవ్వడం ఆ గాదె తలుపు తీయడమే. చేత్తో మూరెడు లోతు తోడితే మొదట బురదనీరు వస్తుంది. దాన్ని రెండు మూడుసార్లు చిప్పతో ఎత్తిపోయాలి. తర్వాత అడుగున తేటనీరు ఊరుతుంది. గిన్నెతో ముంచి బిందె మూతికి కట్టిన గుడ్డలో పోస్తారు. బిందె నిండాలంటే ఊట కోసం కూర్చోవాల్సిందే. ఈ ప్రాంతంలో గోదావరిని ‘గంగ’ అనే పిలుస్తారు. గంగలో చెలిమె తోడుకోవడం బీదరికపు గుర్తే గాని, నీటి పొదుపు పాఠం కూడా అందులోనే ఉంది: ఊరినంతే తీసుకోగలం. నది గర్భంలో ఊటబావులు వేసి కాలనీలకు నీళ్లివ్వడం కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుంది. ఇసుక పలచబడితే రెండూ దెబ్బతింటాయి. ఓపెన్‌కాస్టుల్లో తీసేసిన మట్టి, రాతి కుప్పల నుంచి ఇసుక తయారుచేసి స్టోయింగ్‌కు వాడడం సింగరేణి ఇటీవలి కాలంలో మొదలుపెట్టింది. నది తరఫున చూస్తే అది చాలా ఆలస్యమైన మేలు.

నీళ్లు ఎక్కువైనప్పటి సన్నద్ధత

విపత్తుకు సిద్ధపడడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సిద్ధపడింది నీళ్లు తక్కువైతే ఏం చేయాలన్నదానికి కాదు, ఎక్కువైతే ఏం చేయాలన్నదానికి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్నాలాలో పాత గని నీరు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదన్న నిబంధన అప్పటికే 1957 బొగ్గు గనుల రెగ్యులేషన్లలో ఉండేది. 1985లో గనుల రెస్క్యూ నియమాలు వచ్చాయి. ఊపిరి పరికరం తగిలించుకుని చీకట్లో నడిచే సాధన, పిలిస్తే నిమిషాల్లో కదిలే బృందాలు, గని నక్షాలు అన్నీ ఆ ఏర్పాటులో భాగం.

ఇవన్నీ ఉన్నా 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నెల చూడండి. పైన తొలకరి కోసం ఎదురుచూసే జూన్, అంతకుముందు ఏడాది 2002 దేశమంతటా కరవు సంవత్సరం. నేల మీద చుక్క కోసం చూస్తున్న వేళ నేల కింద నీరు మనుషులను మింగింది. అదే ఏడాది అక్టోబర్ 16న 8ఏ ఇంక్లయిన్‌లో పైకప్పు కూలి మరో 10 మంది చనిపోయారు.

గనిలో నీటిమట్టం రాసే పుస్తకం ఉంది, బాధ్యుడు ఉన్నాడు. ఊరి బావికి అలాంటి పుస్తకం లేదు. రాష్ట్రంలో కరవును మండలం యూనిట్‌గా ప్రకటిస్తారు. వాన లోటు, వానకూ వానకూ మధ్య విరామం, పంట పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. ఆ ప్రకటన వచ్చేసరికి ఖరీఫ్ దాటిపోతుంది. ఆ తర్వాత ఎద్దడి ప్రణాళిక పేరుతో జరిగేవి చాలా కాలంగా ఒకటే తీరు: ట్యాంకర్లు, ప్రైవేటు బోర్ల అద్దె, ఉన్న బోర్లను కడిగి లోతు చేయడం.

నదికి వాటాదారులు

ఎగువన శ్రీరాంసాగర్‌కు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 112 టీఎంసీల కోసం కట్టిన ఆ జలాశయంలో పూడిక పెరిగి నిల్వ బాగా తగ్గింది. దానికి పైన మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కట్టింది. 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బాబ్లీ గేట్లు జులై 1న ఎత్తి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలి. గోదావరిఖని వంతెన కింద వేసవిలో నీరు కనబడకపోవడానికి ఇంత దూరపు క్యాలెండర్లు కూడా కారణం.

నది ఒడ్డునే బొగ్గు ఉండడంతో దాన్ని కాల్చే వాళ్లూ వచ్చారు. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం 1983లో మొదటి యూనిట్ నడిపింది, తర్వాత 2,600 మెగావాట్లకు ఎదిగింది. 1980లో ఉత్పత్తి మొదలైన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో రామగుండం ఫెర్టిలైజర్స్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. బాయిలర్‌కూ యూరియాకూ నీళ్లు కావాలి. 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఈ అవసరాలకు ఆసరా అయింది. 1999లో నక్సలైట్ల చేతిలో హతుడైన మాజీ స్పీకర్ శ్రీపాదరావు పేరు దానికి పెట్టారు.

ఎల్లంపల్లికి అసలు పరీక్ష 2015–16లో వచ్చింది. రాష్ట్రం 231 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. మంజీరా పరీవాహకం ఎండిపోయి, లాతూరుకు 2016 ఏప్రిల్‌లో రైల్లో నీళ్లు పంపాల్సి వచ్చింది. అదే నదిని నమ్ముకున్న హైదరాబాద్‌కు సింగూరు, మంజీరా జలాశయాలు చేతులెత్తేశాయి. సరిగ్గా అంతకు కొద్ది నెలల ముందే ఎల్లంపల్లి నుంచి రాజధానికి సుజల స్రవంతి పథకం గొట్టం పూర్తయింది. మురుమూరు పంపుహౌసు నుంచి దాదాపు 186 కిలోమీటర్లు పోయిన గోదావరి నీళ్లు ఆ వేసవిలో హైదరాబాద్‌ను ఆదుకున్నాయి. రాజధానికి అది ఘనమైన ముందుజాగ్రత్తే. జలాశయం పక్క పల్లెలకు మాత్రం తమ ఇంటి ముందు నుంచి పోయే గొట్టం.

ఊళ్లోనూ ఇలాంటి తేడానే. సింగరేణి క్వార్టర్లకు కంపెనీ నీళ్లిస్తుంది, బిల్లు లేదు. నల్ల వచ్చే వేళకు డ్రమ్ములు, బకెట్లు, గిన్నెలు వరుసగా నిండుతాయి. మరునాడు నల్ల రాగానే నిన్నటివి పారబోసి కొత్తవి పడతారు. కాలనీ గోడ దాటితే వెలసిన బస్తీల్లో అదే నీళ్లకు ట్యాంకర్ దగ్గర తగువు. పొదుపు ప్రచారం ఎప్పుడూ రెండోవారికే ఎక్కువ వినిపిస్తుంది, వాళ్ల దగ్గర పొదుపు చేయడానికి నీళ్లే ఉండవు.

కాళేశ్వరం ఎత్తిపోతల పథకం 2019 జూన్ 21న ప్రారంభమైంది. అందులోని సుందిళ్ల బ్యారేజీ వెనుక నీరు నిలవడంతో కొన్నేళ్లు గోదావరిఖని ఒడ్డు ఎండాకాలంలోనూ నిండుగా కనబడింది. 2023 అక్టోబర్ 21న అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. జాతీయ డ్యాం భద్రతా సంస్థ సూచనతో అన్నారం, సుందిళ్ల బ్యారేజీలను కూడా ఖాళీ చేశారు. 2024 వేసవికి వంతెన కింద మళ్లీ ఇసుక తేలింది.

ఎండ, పొదుపు, గుంతలు

రామగుండం మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. 2015 వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. ఓపెన్‌కాస్టులో నల్లటి బొగ్గు వేడిని ఇంకా పెంచుతుంది. షిఫ్టు వేళలు మార్చడం, మజ్జిగ ప్యాకెట్లు, ఓఆర్ఎస్ ఇవ్వడం వేసవి ఆనవాయితీ అయ్యాయి. బొగ్గు కుప్పలు ఎండకు తమంతట తామే వేడెక్కి అంటుకునేదీ అప్పుడే, అంటే నీళ్లు తక్కువున్నప్పుడే వాటిని ఆర్పడానికీ నీళ్లు కావాలి. దుమ్ము అణచడానికి డంపర్ దారుల మీద చల్లే నీటికి, కుప్పల మంటలకు బాయి నీళ్లు వాడితే మంచినీళ్లు మిగులుతాయి. ఈ ప్రాంతంలో నిజంగా పనిచేసిన పొదుపు ఇదే అనిపిస్తుంది.

ప్రభుత్వాల కార్యక్రమాలూ వరుసగా వచ్చాయి: 2000లో నీటి సంరక్షణకు నీరు–మీరు, 2002లో నీరు, నేల, చెట్ల రక్షణకు వాల్టా చట్టం, 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ, 2016లో ఇంటింటి నల్లాల మిషన్ భగీరథ. వాటిలో చెప్పిన ఇంకుడు గుంత బొగ్గు బెల్టుకు అంతగా అతకలేదు, ఇంకిన నీరు పక్క ఓసీపీ సంపులో తేలితే దాన్ని మళ్లీ తోడాల్సిందే. గని నీటితో పల్లె చెరువులు నింపడం ఇక్కడికి సరిపోయే పని. 2025లో సింగరేణి ‘నీటి బిందువు – జల సింధువు’ పేరుతో కుంటలు తవ్వడం, పూడిక తీయడం చేపట్టింది.

బొగ్గు అయిపోయిన మేడిపల్లి ఓసీపీ గుంతలో ఇప్పుడు నీరు చేరుతోంది. దాన్ని పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టాలన్నది సింగరేణి ప్రతిపాదన. గుంత అంచు నుంచి చూస్తే గోదావరి దగ్గర్లోనే కనిపిస్తుంది. వేసవిలో నదిలో కంటే గుంతలోనే నీళ్లు ఎక్కువ.