అబ్రిడ్జ్

అబ్రిడ్జ్ అనునది ఒక ఆంగ్ల క్రియాపదము. కుదించుట, సంక్షిప్తము చేయుట, తగ్గించుట అని దీని అర్థములు.

లాటిన్ భాషలో 'పొట్టి' అను అర్థముగల బ్రెవిస్ నుండి పుట్టిన క్రియ ప్రాచీన ఫ్రెంచి భాషలో రూపు మారి, మధ్యయుగములలో ఆంగ్లమున ఈ పదముగా చేరినది. అబ్రివియేట్ అను పదము కూడ ఆ క్రియ నుండియే, కాని నేరుగా లాటిన్ నుండి, వచ్చినది. తెలుగులోని కార్యము, కర్జము వంటి జంట ఇది. వంతెన అను అర్థముగల బ్రిడ్జ్‌తో దీనికి ఎట్టి సంబంధము లేదు.

మాటను కుదించుటకు అబ్రివియేట్, గ్రంథమును కుదించుటకు అబ్రిడ్జ్ వాడుట పరిపాటి. ఆర్నల్డ్ టాయిన్‌బీ చరిత్ర గ్రంథపు తొలి ఆరు సంపుటములను డి.సి. సోమర్‌వెల్ ఒకే సంపుటముగా కుదించిన ప్రతి ఇట్టిదే.

న్యాయశాస్త్రములో ఈ పదము బరువైనది. వాక్స్వాతంత్ర్యమును కుదించు చట్టము చేయరాదని అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ (1791) కాంగ్రెసును నిషేధించినది. భారత రాజ్యాంగపు 13(2) అధికరణము ప్రాథమిక హక్కులను 'తొలగించు లేక కుదించు' చట్టములను రాజ్యము చేయరాదన్నది. అనగా హక్కు పూర్తిగా పోనక్కరలేదు, కొంత తగ్గినను చాలును. రాజ్యాంగ సవరణయు అట్టి చట్టమేనని గోలక్‌నాథ్ కేసులో (1967) సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది; కేశవానంద భారతి కేసులో (1973) ఆ తీర్పును త్రోసిపుచ్చి, రాజ్యాంగ మౌలిక స్వరూపమును మాత్రము మార్చరాదని చెప్పినది.