రాజులేని దేశంలో రాజకవచం

సర్వభూమికి ఈశ్వరుడు సార్వభౌముడని తద్ధితాల పాఠంలో ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను. ఆ సార్వభౌముణ్ణి కోర్టుకు ఈడ్వవచ్చునా అన్న ప్రశ్న వ్యాకరణంలో రాదు, చరిత్రలో వస్తుంది.

రాజు తప్పు చేయడన్నది ఆంగ్లేయుల పాత న్యాయసూత్రం. మన మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం అందుకు భిన్నంగా, సామాన్యునికి ఒక కార్షాపణం దండుగ పడే నేరానికి రాజుకు వేయి విధించమంటుంది. ఆ వేయీ రాజుచేత కట్టించేవాడెవడన్నది వేరే చిక్కనుకోండి. వింత ఏమంటే, 1776లో రాజును కాదన్న అమెరికావారు ఆయన కవచాన్ని మాత్రం దాచుకొన్నారు. తాను ఒప్పుకొంటే తప్ప ప్రభుత్వంపై దావా చెల్లదన్న ఆ నియమానికే సావరిన్ ఇమ్యూనిటీ అని పేరు.

ప్రభుత్వోద్యోగి అజాగ్రత్తవల్ల కాలు విరిగినవాడు ఏం చేయాలి? కాంగ్రెసు సభ్యుని ఆశ్రయించి, తన ఒక్కనికోసం ప్రత్యేకంగా ఒక బిల్లు పెట్టించుకోవాలి. ఇటువంటివి వందలకొద్దీ వచ్చిపడేవి. శాసనసభ చేయవలసిన పని ఇది కాదని మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1832లోనే తన దినచర్యలో విసుక్కొన్నాడు.

ఆ విసుగు చట్టం కావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1945 జూలై 28న పొగమంచులో దారి తప్పిన సైనిక విమానమొకటి న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనాన్ని ఢీకొనగా 14 మంది మరణించారు. అప్పటికే ఏళ్ళుగా నలుగుతున్న ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం 1946 ఆగస్టు 2న వెలువడి, 1945 జనవరి 1 నుండి జరిగిన వాటికి కూడా వర్తించింది. ఇందులోని ఏర్పాటు చిత్రమైనది. దావా వినేది ఫెడరల్ జిల్లా కోర్టు, అదీ జ్యూరీ లేకుండా. తప్పొప్పులు తూచే రాయి మాత్రం సంఘటన జరిగిన రాష్ట్రపు చట్టం. అయితే అధికారుల విచక్షణకు విడిచిన పనులకు ఈ చట్టం తగలదని ఒక మినహాయింపు పెట్టారు. కథంతా అక్కడే ఉంది.

1947 ఏప్రిల్ 16 ఉదయం, టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌కాంప్ అనే ఫ్రెంచి ఓడలోనుండి పొగ లేచింది. లోపల సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేటు. యుద్ధంలో చితికిన దేశాల పంటపొలాలకోసం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో తయారైన ఎరువు. నీళ్ళు కొడితే సరుకు పాడవుతుందని మూతలు బిగించి ఆవిరి వదిలారు. 9 గంటల 12 నిమిషాలకు ఓడ ప్రేలిపోయింది. ఆర్పడానికి వెళ్ళిన ఊరి స్వచ్ఛంద అగ్నిమాపకదళంలో 28 మందికి 27 మంది పోయారు. మరునాటి తెల్లవారుజామున పక్కనున్న హై ఫ్లయర్ ఓడ కూడా ప్రేలింది. మొత్తం మృతులు దాదాపు 580.

8,485 మంది 20 కోట్ల డాలర్లకు దావా వేశారు. పరీక్షకు ఎన్నుకొన్నది భర్తను పోగొట్టుకొన్న డేల్‌హైట్ కుటుంబపు వ్యాజ్యం. వేడివేడి ఎరువును కాగితపు సంచులలో నింపడం, ప్రేలుతుందన్న హెచ్చరిక లేకపోవడం ప్రభుత్వ నిర్లక్ష్యమేనని జిల్లా కోర్టు తేల్చింది. 1953లో సుప్రీంకోర్టు 4–3 ఆధిక్యంతో ఆ తీర్పును కాదన్నది. అవన్నీ పై స్థాయిలో ప్రణాళిక ప్రకారం జరిగిన నిర్ణయాలు, కనుక విచక్షణలోనివట! అంటే గుమాస్తా పొరబడితే పరిహారం, పెద్దలు కూడి పొరబడితే లేదు. భిన్నాభిప్రాయం వ్రాసిన జస్టిస్ జాక్సన్, రాజు తప్పు చేయడన్న సూత్రం పోలేదనీ, చిన్న తప్పులే చేయగలడని సవరించుకొన్నదనీ ఎత్తిపొడిచాడు. తీర్పుకంటె ఆ ఎత్తిపొడుపే నాకు న్యాయంగా తోస్తుంది.

చివరకు బాధితులు మళ్ళీ కాంగ్రెసు గడపే ఎక్కవలసివచ్చింది. ఏ తలనొప్పి వదలడానికి 1946 చట్టం పుట్టిందో అదే తిరిగివచ్చింది. 1955లో ప్రత్యేక శాసనం చేసి, 1,394 క్లెయిములకు సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు చెల్లించారు.

మన రాష్ట్రంలోనూ ఈ కవచం ఎరువుల దగ్గరే పరీక్షకు నిలవడం యాదృచ్ఛికమే. 1975 ఆగస్టులో పోలీసులు నాగేంద్రరావు అండ్ కంపెనీ ఎరువులను, ధాన్యాన్ని పట్టుకొన్నారు. తిరిగి ఇచ్చే వేళకు సరుకు పాడయింది. సార్వభౌమాధికారం మాటున దాగడానికి వీల్లేదని, నష్టం ప్రభుత్వమే భరించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది 1994 సెప్టెంబరు. సరుకు పట్టుకొని అప్పటికి పంతొమ్మిదేళ్ళు.