మంచి కొలెస్ట్రాలు మాయ

ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం ఒక్క గదిలో పుట్టి, 1958లో మన హైదరాబాదు వచ్చేసింది. తిండి చాలని జబ్బులతో మొదలుపెట్టి, పోనుపోను మన నూనెగిన్నెలోకీ తొంగిచూసింది!

నూనెకీ గుండెకీ నడుమ ఒక హమాలీ వున్నాడని మీకు తెలుసా? రక్తంలో కొలెస్ట్రాలును మోసే బళ్లలో ‘మంచి’వీ, ‘చెడ్డ’వీ వున్నాయి. మంచి బండిలో సరుకు దించి చెడ్డబండి కెత్తే ప్రోటీను పేరు సి.ఇ.టి.పి. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు ఈ హమాలీకి హుషారెక్కిస్తుందట.

జపానులో కొన్ని కుటుంబాలవారికి పుట్టుకతోనే ఈ ప్రోటీను లేదు. వాళ్లకు మంచి కొలెస్ట్రాలు మెండు. ఇంకేం, హమాలీని కట్టేస్తే గుండెజబ్బు పోతుందనుకున్నారు. టార్సెట్రాపిబ్ అనే మందును సుమారు 15,000 మందితో పరీక్షకు పెట్టారు. మందు వేసుకున్నవారిలో మంచి కొలెస్ట్రాలు 72 శాతం పెరిగింది. మరణాలూ పెరిగాయి! 2006 డిసెంబరులో పరీక్ష ఆపేశారు. తరవాత మరో రెండు మందులూ గుండెను కాపాడలేకపోయాయి. 2017లో నాలుగోది కాస్త మేలుచేసింది గానీ, అమ్మకానికి రానేలేదు.

అందుకే, “మంచి కొలెస్ట్రాలు బోలెడుంది, ఇక పూరీలు లాగించొచ్చు” అని మా పిన్ని రిపోర్టు చూపించి మురిస్తే నేనీ కథ చెబుతాను. కాగితం మీది అంకె వేరు, గుండె వేరు. నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని 2022 నుంచి మన దేశంలో నిబంధన వుంది. మిగతా నిబంధన మన బాణలి దగ్గరే!